పాత పిన్‌బాల్ యంత్రం బాగుచేద్దాం – 3వ పాఠం: లేవని ఫ్లిప్పరు, కాలే కాయిల్

"మాస్టారూ, ఫ్యూజు మళ్ళీ పోయీసిందండి."

విజయనగరం గంటస్తంభం దగ్గర మా వైండింగు కొట్లో పని నేర్చుకుంటున్న కుర్రాడు పొద్దున్నుంచి ఈ మాట అనడం అది రెండోసారి. పిన్‌బాల్ యంత్రంలో కాయిళ్ళ (తీగ చుట్టల) ఫ్యూజు ఎక్కడుంటుందో, దాని మీద 10 ఆంపియర్లని ఎందుకు రాసి ఉంటుందో కిందటి పాఠంలో చెప్పాను కదా, ఆ ఫ్యూజే. మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళి వచ్చేసరికి కొట్టంతా కాలిన లక్క వాసన. మూడోసారి ఫ్యూజు మాత్రం పోలేదు.

"ఏట్రా, ఏ ఫ్యూజు ఏసినావు?"

"ఫ్యూజు నేదండి. సిగరెట్టు పెట్టిలో ఎండి కాయితం సుట్టీసినాను."

తిట్టడానికి నోరు రాలేదు. ఇరవై ఏళ్ళ వయసులో నేనూ ఓ పంపుసెట్టు స్టార్టర్లో అదే పని చేసి మోటారు మాడ్చాను. ఆటబల్ల పైకెత్తి చూస్తే ఎడమ ఫ్లిప్పరు (గోళీ కిందికి జారిపోకుండా పైకి కొట్టే బ్యాటు) కాయిల్ మీది తెల్ల కాగితం కాఫీ రంగుకు తిరిగి ఉంది. వేలు పెడితే చుర్రుమంది. ఈ పాఠం ఆ కాయిల్ పుణ్యమే.

ముందు ఫ్లిప్పరు లోపల ఏముందో చూద్దాం. 1947లో అమెరికాలోని గాట్‌లీబ్ కంపెనీ తొలిసారి ఫ్లిప్పర్లు పెట్టింది. అంతకుముందు గోళీని వదిలాక ఆటగాడు చేయగలిగిందల్లా బల్లను తోయడమే. అప్పటి నుంచి 1970ల చివర్లో ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చేదాకా లోపలి పద్ధతి పెద్దగా మారలేదు. ఒక కాయిల్, అందులోకి దూరే ఇనుప కడ్డీ, కడ్డీకి తగిలించిన బ్యాటు. బటన్ నొక్కితే కాయిల్ అయస్కాంతమై కడ్డీని లాగుతుంది, బ్యాటు లేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, గోళీని ఎగరగొట్టడానికి చాలా బలం కావాలి, ఎత్తిన బ్యాటును అలా పట్టి ఉంచడానికి కొంచెం చాలు. అందుకని ఒకే కాయిల్ మీద రెండు వైండింగులు చుట్టారు. లావు తీగ నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, రెండు మూడు ఓమ్‌లు ఉంటుంది. సన్న తీగది కొన్ని పదుల ఓమ్‌లు. చాలా యంత్రాల్లో ఈ రెండూ సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి. సన్న తీగకు అడ్డంగా ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. బ్యాటు కింద ఉన్నంతసేపు ఆ స్విచ్చి మూసుకుని ఉంటుంది కాబట్టి కరెంటు సన్న తీగను తప్పించుకుని లావు తీగలోంచే పోతుంది. బ్యాటు చివరిదాకా లేవగానే స్విచ్చి తెరుచుకుంటుంది. అప్పుడిక కరెంటు రెండు తీగల్లోంచీ పోవాలి. దీన్ని ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్చి అంటారు, మనం చివరి స్విచ్చి అనుకుందాం.

లెక్క వేసుకోండి. సరఫరా 24 వోల్టులు, లావు తీగ 3 ఓమ్‌లు, సన్న తీగ 40 అనుకుంటే, ముందు 8 ఆంపియర్లు, సుమారు 190 వాట్లు. చివరి స్విచ్చి తెరిచాక అర ఆంపియరు పైచిలుకు, 13 వాట్లు. ఏసీ కదా, ఇండక్టెన్స్ (ఏసీకి కాయిల్ పెట్టే అదనపు అడ్డు) వల్ల అసలు కరెంటు ఇంతకన్నా తక్కువే ఉంటుంది, ఇది పోలిక కోసం మాత్రమే. బజ్జీల నూనెకీ గోరువెచ్చని నీళ్ళకీ ఉన్నంత తేడా అది. లావు తీగను క్షణం పాటు పని చేయడానికే చుట్టారు. చివరి స్విచ్చి తెరుచుకోకుండా ఉంటే, ఆటగాడు బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ అది పొయ్యి మీద ఉన్నట్టే. మా కుర్రాడి కాయిల్‌కు జరిగింది ఇదే.

ఇదే స్విచ్చి రెండో రకంగానూ ఏడిపిస్తుంది. దాని పాయింట్లు (పట్టీల మీద ఒకదానికొకటి తగిలే బొడిపెలు) మసిపట్టి సరిగ్గా అంటుకోకపోతే, మొదటి నుంచీ రెండు తీగలూ సీరీస్‌లోనే ఉంటాయి. అప్పుడు ఏదీ కాలదు, ఫ్యూజు పోదు. బ్యాటు మాత్రం నిద్రలో చెయ్యి ఎత్తినట్టు నీరసంగా లేస్తుంది. ఒకటి కాలే జబ్బు, ఒకటి నీరసం జబ్బు, చూసి చాలామంది రెండిటికీ కాయిలే మారుస్తారు. నాకైతే పది ఫ్లిప్పర్లలో కాయిల్ నిజంగా పోయినవి ఒకటో రెండో దొరుకుతాయి.

ఇక పని. ప్లగ్గు పీకేయండి. స్విచ్చి ఆపడం కాదు, పీకడమే. బల్ల మీది కాయిళ్ళు 24 వోల్టులవే గానీ కింద ట్రాన్స్‌ఫార్మర్ దాకా 115 వోల్టులు, దాని వెనక 230ని 115కి దించే స్టెప్‌డౌన్‌లో 230 వోల్టులు ఉన్నాయి. గోళీ తీసి జేబులో వేసుకుని, బల్లను ఎత్తి నిలబెట్టండి.

కళ్ళతో మొదలుపెట్టండి. బ్యాటును చేత్తో మెల్లగా పైకి తిప్పుతూ చివరి స్విచ్చి పట్టీలను చూడండి. బ్యాటు చివరకు వచ్చినప్పుడు పాయింట్ల మధ్య రెండు మిల్లీమీటర్ల సందు కనిపించాలి. మా యంత్రంలో పట్టీ వంగిపోయి, వెంట్రుకంత సందు కూడా లేదు. వంగిన పట్టీని కొనలో కాదు, మొదట్లో, స్టాకు (పట్టీలన్నీ కలిపి బిగించిన చోటు) దగ్గర పట్టకారుతో పట్టి వంచాలి. కొన దగ్గర వంచితే పాయింట్లు వాలుగా తగులుతాయి, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తుంది.

తర్వాత మీటరు. ఓమ్స్‌లో పెట్టి, ముందు రెండు ప్రోబులు ఒకదానికొకటి తాకించి వైర్ల ఓమ్‌లు రాసుకోండి. చిన్న కొలతల్లో అవి తీసేయకపోతే లెక్క తప్పుతుంది. కాయిల్‌కు మూడు ట్యాగులు, అంటే తీగ కొనలు అతికించే రేకులు ఉంటాయి. నడిమి ట్యాగు వదిలి, చివరి రెండింటి మీద ప్రోబులు పెట్టండి. రెండు మూడు ఓమ్‌లు రావాలి. ఇప్పుడు పాయింట్ల మధ్య పెళ్ళిపత్రిక ముక్క దూర్చండి. కొలత పదుల్లోకి ఎగరాలి. ముక్క పెట్టకముందే పదుల్లో ఉంటే పాయింట్లు మసిపట్టాయి. ముక్క పెట్టినా రెండు మూడు దగ్గరే ఉండిపోతే సన్న వైండింగు షార్టయింది, లేదా స్విచ్చి పట్టీలు వెనక వైపు ఎక్కడో తగులుతున్నాయి. అసలేమీ చూపకపోతే తీగ తెగింది. ఈ తెగడం ఎక్కువగా ట్యాగు దగ్గరే జరుగుతుంది. ఒక చుట్టు విప్పి, బ్లేడుతో ఎనామిల్ గీకి, సోల్డరింగ్ చేస్తే కాయిల్ బతుకుతుంది. పారేయొద్దు.

పాయింట్లు శుభ్రం చేయడం గురించి ఒక హెచ్చరిక. ఫ్లిప్పరు పాయింట్లు టంగ్‌స్టన్‌వి, గట్టివి. వాటిని పాత స్కూటర్ల పాయింట్లు గీకే సన్న ఆకురాయితో గీకవచ్చు. మా వీధి చివర మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మిగతా రిలేల (కాయిల్‌తో పనిచేసే స్విచ్చిల) పాయింట్లు వెండివి, మెత్తనివి, వాటి మీద ఆకురాయి పెడితే అరిగిపోతాయి. వాటికి పెళ్ళిపత్రిక అట్ట చాలు, పాయింట్లను మెల్లగా అదిమి అట్టను లాగండి, నల్లని చార పడుతుంది. ఇంక స్ప్రేలు, కిరసనాయిలు, మిషన్ నూనె, ఏదీ వద్దు. ఇక్కడ నిప్పురవ్వలు లేస్తాయి.

ఇప్పుడు ఫ్యూజు సంగతి. మళ్ళీ ఫ్యూజులు తగలెయ్యకుండా చూడడానికి లారీ హెడ్‌లైటు బల్బు కొనండి, 24 వోల్టులది, 70 వాట్లది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర దొరుకుతుంది. దానికి రెండు మొసలి క్లిప్పులు కట్టి, కాయిళ్ళ ఫ్యూజు తీసేసిన చోట తగిలించండి. అప్పుడు ప్లగ్గు పెట్టి ఆట మొదలుపెట్టండి. ఏదీ నొక్కకుండానే బల్బు భగభగ వెలిగితే ఎక్కడో షార్టు ఉందని. ఆరి ఉంటే ఒక చేత్తో ఫ్లిప్పరు బటన్ నొక్కి పట్టండి, బల్బు వెలుగుతుంది. బల్బు అడ్డం ఉంది కాబట్టి బ్యాటు సగంలోనే ఆగిపోవచ్చు. రెండో చేత్తో దాన్ని పైదాకా నెట్టండి. చివరకు చేరగానే బల్బు చప్పున ఆరాలి. ఆరకపోతే చివరి స్విచ్చి ఇంకా తెరుచుకోవడం లేదు, మళ్ళీ పట్టకారు దగ్గరికి వెళ్ళండి. మా కుర్రాడి మొహం వెలిగింది మాత్రం ఆ బల్బు ఆరినప్పుడే.

ఒక్క ఫ్లిప్పరే నీరసంగా ఉంటే పైన చెప్పిందంతా. రెండూ ఒక్కసారే చచ్చిపోతే కాయిళ్ళ జోలికి పోకండి. ఫ్యూజు, బల్లను గట్టిగా తోస్తే ఆట ఆపే టిల్ట్ రిలే, ఆట అయిపోయినప్పుడు పనిచేసే గేమ్ ఓవర్ రిలే, ఈ మూడింటినీ అడగండి.

రెండూ ఒకేసారి నీరసిస్తే? ఇది నాకు పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు రాత్రి అనుభవం. మంగళవారం సాయంత్రం దాకా గోళీ బల్ల పైకంటా వెళ్ళింది. దీపాలన్నీ వెలిగాక నడిమికి కూడా పోలేదు. జనం చూస్తున్నారు, నాకు టెన్షన్. అరగంట సేపు పాయింట్లు గీకి, చివరికి మీటరు గోడ ప్లగ్గులో పెడితే 190 వోల్టులు. వీధంతా సీరియల్ లైట్లు, మైకు సెట్లు. వోల్టేజి 230 నుంచి 190కి పడితే ఏదో ఆరో వంతు పోయిందనిపిస్తుంది గానీ కాయిల్ లాగే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. మిగిలేది మూడింట రెండు వంతులే. ఆ రాత్రికి యంత్రం ఆపేశాను. చాలా యంత్రాల ట్రాన్స్‌ఫార్మర్‌కు తక్కువ వోల్టేజి కోసం ఇంకో ట్యాపు (వైరు మార్చి తగిలించే కొన) ఉంటుంది గానీ, దాని మీద పెట్టి మర్చిపోతే తెల్లారి 230 వచ్చినప్పుడు కాయిళ్ళన్నీ వేడెక్కుతాయి. మా ఊళ్ళో నేను ఆ ట్యాపు ముట్టను, ముందు ఒక స్టెబిలైజరు పెడతాను.

వచ్చే పాఠంలోగా మీ యంత్రంలో రెండు ఫ్లిప్పర్లకూ నాలుగు కొలతలు తీసి పెట్టుకోండి: పెళ్ళిపత్రిక ముక్క లేకుండా ఒకటి, పెట్టి ఒకటి, ఎడమకు, కుడికి. ఎడమా కుడీ దగ్గరదగ్గరగా ఉండాలి. నాలుగో పాఠంలో స్కోరు చక్రం. తొమ్మిది నుంచి సున్నాకు వచ్చేటప్పుడు పక్క చక్రాన్ని కదిలించకుండా నిలబడిపోయే చక్రం ఒకటి మా కొట్లోనూ ఉంది, కుర్రాడు దాన్ని ఇప్పటికే విప్పేశాడు.