బ్లాగర్ థీమ్‌లో జావాస్క్రిప్ట్ - 4వ పాఠం: & దగ్గర ఆగిపోయిన స్క్రిప్ట్

గత పాఠంలో టపా పైన ‘చదవడానికి 4 నిమిషాలు’ అని చూపించే స్క్రిప్ట్ రాశాం. దాన్ని థీమ్‌లో అతికించి సేవ్ నొక్కగానే చాలామందికి ఎర్రర్ వచ్చింది. & గుర్తు వెంటనే ఎంటిటీ (ఒక గుర్తుకు బదులు రాసే సంకేతం) పేరు ఉండాలన్నది ఆ ఎర్రర్ సారాంశం. అందుకని మెనూ పాఠం వచ్చేసారికి జరిపి, ముందు దీని సంగతి తేల్చుకుందాం.

స్క్రిప్ట్‌లో తప్పేమీ లేదు. బ్లాగర్ థీమ్ ఫైలు మామూలు హెచ్‌టీఎంఎల్ కాదు, ఎక్స్‌ఎంఎల్. ఎక్స్‌ఎంఎల్‌కి < కనిపిస్తే కొత్త ట్యాగ్ మొదలైనట్టు, & కనిపిస్తే ఎంటిటీ మొదలైనట్టు. మనం రాసిన షరతు ఇదీ:

పదాలు > 0 && పదాలు < 200

(జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, ఇబ్బంది లేదు.) ఇందులో > ఒక్కటే క్షేమం. && దగ్గర సేవ్ ఆగిపోతుంది. దాన్ని సరిచేస్తే < దగ్గర మళ్ళీ ఆగుతుంది.

మందులు రెండున్నాయి. మొదటిది, ప్రతి & బదులు యాంప్ ఎంటిటీ (ఆ గుర్తు, వెంటనే ఇంగ్లిష్‌లో amp, చివర సెమికోలన్), ప్రతి < బదులు ఎల్‌టీ ఎంటిటీ (అదే పద్ధతిలో, amp చోట lt) రాయడం. పేజీ పంపేటప్పుడు బ్లాగరే వాటిని మళ్ళీ మామూలు గుర్తులుగా మార్చేస్తుంది. రెండోది, స్క్రిప్ట్ మొత్తాన్ని, లోపలి గుర్తులను ఎక్స్‌ఎంఎల్ పట్టించుకోని సీడేటా (CDATA) పెట్టెలో పెట్టడం. పైవరుసలో // తర్వాత <![ గుర్తులు, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో సీడేటా, మళ్ళీ [. కిందివరుసలో //]]>. ముందున్న // మరవకండి. లేకపోతే ఆ గుర్తులను బ్రౌజర్ కోడ్ అనుకుని తడబడుతుంది. నేనైతే ఎప్పుడూ సీడేటానే వాడమంటాను. ఆరు నెలల తర్వాత తెరిచినా కోడ్ చదవడానికి వీలుగా ఉంటుంది.

అసలు చిక్కు మందులు రెండూ కలిపి వేసుకోవడంతో వస్తోంది. కోడ్‌ను ఏదో ఆన్‌లైన్ పరికరంలో ఎస్కేప్ చేయించి, అంటే గుర్తులను ఎంటిటీలుగా మార్పించి, దాన్ని తెచ్చి సీడేటాలో పెడుతున్నారు. థీమ్ నిక్షేపంగా సేవ్ అవుతుంది, కానీ పేజీలో నిమిషాలు కనబడవు. సీడేటా లోపలిది ఎవరూ మార్చరు కాబట్టి ఆ ఎంటిటీ యథాతథంగా బ్రౌజర్‌కి చేరుతుంది. ఎంటిటీ చివర సెమికోలన్ ఉంది కదా, షరతు మధ్యలో అది తగలగానే సింటాక్స్ ఎర్రర్. ఒక్క సింటాక్స్ ఎర్రర్ చాలు, ఆ స్క్రిప్ట్‌లో ఒక్క వరుస కూడా నడవదు. ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్ చూడండి, సెమికోలన్ మీద ఫిర్యాదు ఉంటే కారణం దాదాపుగా ఇదే. లేఅవుట్‌లోని హెచ్‌టీఎంఎల్/జావాస్క్రిప్ట్ గ్యాడ్జెట్‌లో ఎస్కేప్ చేసిన కోడ్ పెట్టినా ఇదే గతి. అక్కడ ఎక్స్‌ఎంఎల్ నియమాలు లేవు, కోడ్‌ను ఉన్నదున్నట్టే పెట్టాలి. సేవ్ అయినంత మాత్రాన పనిచేసినట్టు కాదు.

సీడేటాకి ఒక ఇబ్బంది ఉంది: లోపల బ్లాగర్ డేటా ట్యాగులు (బ్లాగు పేరు లాంటి వివరాలు తెచ్చిపెట్టేవి) పనిచేయవు. బ్లాగు పేరు కావాలంటే దాన్ని వేరియబుల్‌లో పెట్టే చిన్న స్క్రిప్ట్‌ను సీడేటా లేకుండా విడిగా రాసి, అసలు స్క్రిప్ట్‌కి ముందు ఉంచండి.

స్క్రిప్ట్ ఎప్పుడు నడవాలో చెప్పడానికి స్క్రిప్ట్ ట్యాగులో రాసే ఎసింక్, డిఫర్ మాటలను ఒంటరిగా రాసినా ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకోదు. డిఫర్='డిఫర్' అన్న పద్ధతిలో విలువ ఇవ్వాలి. బయటి స్క్రిప్ట్ చిరునామాలో & ఉంటే దాన్ని ఎస్కేప్ చేయక తప్పదు, అక్కడ సీడేటా కుదరదు.

‘0 నిమిషాలు’ వస్తోందన్నవారు ఇంగ్లిష్ బ్లాగుల కోసం రాసిన కోడ్ తెచ్చుకున్నారు. అందులో పదాలను \ పక్కన చిన్న డబ్ల్యూతో వెతుకుతారు. దానికి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప తెలుగు కనబడదు. ఖాళీల దగ్గర విడగొట్టి లెక్కపెట్టండి.

అభ్యాసం: సైడ్‌బార్‌లో టపా పేర్లను 20 అక్షరాలకు కుదించే స్క్రిప్ట్ రాసి, సీడేటాలో పెట్టి, మూసే బాడీ ట్యాగుకి ముందు ఉంచండి. సైడ్‌బార్ లేని పేజీలోనూ కన్సోల్ ఖాళీగా ఉండాలి. ‘క్షి’ మనకు ఒక్క అక్షరమే గానీ జావాస్క్రిప్ట్ లెక్కలో నాలుగు: క, పొల్లు, ష, గుడి. 20 దగ్గర గుడ్డిగా కోస్తే ‘క్’ ఒకచోట, ‘షి’ ఒకచోట పడొచ్చు. కోత ఎప్పుడూ పదాల మధ్య ఖాళీ దగ్గరే పడేలా చూడండి. మొదటి పదమే 20 దాటితే ఏం చేయాలో కూడా మీ కోడ్‌లో ఉండాలి.