చలికాలం చివర్లో అడవి మొక్కల్ని గుర్తుపట్టడం

ఫిబ్రవరిలో చాలా చెట్లు ఆకులు రాల్చేస్తాయి కాబట్టి ఆకుల్నే నమ్ముకుంటే పని జరగదు. ముందు బెరడు, ముళ్లు, ఎండిన కాయలు చూడండి. పూలు తర్వాత.

దూరం నుంచి ఎర్రగా కనిపించిందల్లా మోదుగ కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మోదుగ పువ్వు నారింజ రంగులో చిలక ముక్కులా వంగి ఉంటుంది, తొడిమ దగ్గర నల్లటి మఖమల్ లాంటి గిన్నె ఉంటుంది. బూరుగ పువ్వుకు 5 మందమైన రేకులు. లేత చెట్టు మానుపై శంఖాకారపు ముళ్లు. ఎర్ర పూలు పూసే బాడిద చెట్టుకూ మోదుగలాగే మూడేసి ఆకులే, కానీ కొమ్మలకు ముళ్లుంటాయి. చెట్టు కింద రాలిన ఆకు పక్క చెట్టుదీ కావచ్చు, కొమ్మకు అంటుకుని ఉన్నదే లెక్క.

గట్ల మీద ముళ్ల ఆకులు, పసుపు పూలు కనిపిస్తే చిన్న ఆకు తుంచండి. పసుపు పాలు కారితే అది బలురక్కసి. దాని గింజలు ఆవాల్లా ఉంటాయి, విషం; నోట్లో పెట్టొద్దు. నేలకు పరుచుకుని, ఊదా పూలు, గుండ్రటి పసుపు కాయలతో ఉంటే వాకుడు. పంచెకు గింజలు అంటుకున్నాయా? పొడవాటి కంకికి గింజలు కిందికి తిరిగి ఉంటే ఉత్తరేణి.

జిల్లేడు పాలు తగిలిన చేత్తో కళ్లు నులమకండి.

ప్రతి మొక్కకూ ఈ ఫోటోలు చాలు: మొత్తం మొక్క, ఆకు రెండు వైపులా, పువ్వు లేదా కాయ, కాండం. పక్కన రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది.