ప్యాకెట్లు లేకుండా తలంటుకోవడం ఎలా?

మా ఇంట్లో తలంటు పోసుకునే ఆడవాళ్లం ముగ్గురం. మా అత్తగారు, నేను, డిగ్రీ చదివే మా అమ్మాయి. విజయనగరంలో మేముండేది పాత ఇల్లు, సన్న గొట్టాలు. పోయినేడాది బాత్‌రూమ్‌లో నీళ్లు పోవడం మానేస్తే ప్లంబర్‌ని పిలిచాం. అతను ఇనప కమ్మీ దోపి లాగితే గుప్పెడంత జుట్టు ఉండ బయటికొచ్చింది. ఆ ఉండలో మెరుస్తూ చిన్న చిన్న ముక్కలు. చూస్తే షాంపూ ప్యాకెట్ల మూలలు. పంటితో కొరికి ఉమ్మేస్తామే, అవి. తొమ్మిది లెక్కపెట్టాను.

ఆ రోజు నుంచి ఏమేం చేశామో, ఏది కుదిరింది, ఏది కుదరలేదో చెబుతాను.

ముందు ఒక నెల పోగు చేయండి

బాత్‌రూమ్ మేకుకి ఒక సంచీ తగిలించండి. తలకి సంబంధించి పారేసేదంతా నెలపాటు అందులోనే పడాలి: ప్యాకెట్లు, నూనె సీసాలు, తెగిన రబ్బర్ బ్యాండ్లు, విరిగిన క్లిప్పులు, రంగు పెట్టెలు. నెల చివర సంచీని నేల మీద బోర్లిస్తే మీ ఇంటి లోపం ఎక్కడుందో కనిపిస్తుంది. మా సంచీలో సీసా ఒక్కటే ఉంది, ప్యాకెట్లు మాత్రం 30 దాటాయి. సీసాని పాత సామాన్లవాడు తీసుకుంటాడు. ప్యాకెట్‌ని ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే రెండు మూడు రకాల పొరలు కలిపి అతికించిన రేకు అది, విడదీయడం కుదరదు. కాల్వలోకో, మంటలోకో పోవాల్సిందే.

సంచీ నిండకుండా కొత్తవేవీ కొనొద్దు. ఇది ఎందుకంటున్నానంటే, నేను ముందు చేసిన తప్పు అదే. పర్యావరణానికి మంచిదని ఆన్‌లైన్‌లో ఒక షాంపూ బిళ్ల తెప్పించాను. అట్టపెట్టె, దాని లోపల బుడగల ప్లాస్టిక్, దాని లోపల ఇంకో కాగితం. బిళ్లేమో మన ఉక్కపోతకి, తడి గూట్లో పది రోజుల్లో కరిగి గోడ వెంట కారిపోయింది.

కుంకుడు ఓడిపోయింది టైం దగ్గర

కుంకుడుకాయ పనికిరాక మనం మానలేదు. ఉదయం ఎనిమిదింటి బస్సుకి పరిగెత్తేవాళ్లకి ప్యాకెట్ చింపడం తేలిక, అంతే. "ఓలమ్మ, నాలుగు కుంకుళ్లు కొట్టడానికి కూడా తీరిక లేదేటే మీకు" అని మా అమ్మ ఎత్తిపొడుస్తుంది గానీ, తీరిక నిజంగానే లేదు. అందుకే పనంతా ముందురోజు రాత్రికి జరపాలి. అసలు కిటుకు అదొక్కటే.

కాయలు ఎక్కడ కొనాలంటే, కిరాణా కొట్టులో ప్లాస్టిక్ కవర్లో కట్టినవి కాకుండా సంతలో విడిగా దొరికేవి చూడండి. 2022లో మన్యం జిల్లాలో కలిసిన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు వెళ్లేవాళ్లుంటే గుడ్డ సంచీ ఇచ్చి తెమ్మనండి. గిరిజనుల దగ్గర అటవీ సరుకు కొనే జీసీసీ, అంటే 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ, కుంకుళ్లు, శీకాయ కూడా కొంటుంది. కాయ తేనె రంగులో, ముడతలు పడి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. మెత్తగా వేలికి అంటుకుంటే ఇంకా ఎండలేదని అర్థం. రెండు రోజులు ఎండలో పోసి డబ్బాలో పెడితే ఏడాదైనా చెడదు.

రాత్రి పడుకునే ముందు పని ఇది. భుజాల దాకా ఉన్న జుట్టుకి ఆరేడు కాయలు, నడుము దాకా ఉంటే పది పన్నెండు. గుండ్రాయితో ఒక్కో కాయకి ఒక్క దెబ్బ. గట్టిగా కొడితే గింజ గోలీలా ఎగిరి మంచం కిందకి పోతుంది. నల్లటి ఆ గింజలు తీసేయండి, నురగ ఇచ్చేది పైన తొక్కే. తొక్కలు స్టీలు గిన్నెలో వేసి రెండు గ్లాసుల వేడినీళ్లు పోసి మూత పెట్టండి. ఐదు నిమిషాల పని. మా అమ్మాయి ఫోన్ చూస్తూనే చేసేస్తుంది.

పొద్దున్న చేత్తో పిసకాలి. మొదట ఏమీ జరగనట్టుంటుంది. తొక్కలు మెత్తబడి, వేళ్ల సందుల్లోంచి జారుతూ జారుతూ ఉండగా నీళ్లు చిక్కటి టీ రంగుకి తిరిగి, ఉన్నట్టుండి గిన్నె అంచు దాకా తెల్లటి నురగ లేస్తుంది. అప్పుడు పాత పంచె ముక్కలో వడకట్టండి. వడకట్టకపోతే తొక్క పీచు జుట్టులో ఇరుక్కుని రోజంతా దువ్వుకోవాలి. పిప్పిలో ఇంకో గ్లాసు నీళ్లు పోసి మళ్లీ పిసికితే రెండో పులుసు వస్తుంది. వెండి పట్టీలకి, పట్టుచీరకి అది బాగుంటుంది.

పులుసు ఒక్కటే వాడితే కొందరికి జుట్టు బిరుసెక్కుతుంది. అరగ్లాసు పల్చటి గంజి గానీ, నాలుగు మందారాకులు నలిపిన జిగురు గానీ కలపండి. మా అత్తగారు గంజి పక్షం, నేను మందారం పక్షం. వేరు కుంపటి పెట్టుకోలేదు గానీ ఇద్దరం పంతం వదల్లేదు.

తలకి నూనె ఉంటే మొదటిసారి నురగ రాదు. కంగారుపడి ఇంకో పది కాయలు కొట్టకండి. ఆ మొదటి పోత నూనెని లాగడానికే. రుద్ది కడిగేసి రెండోసారి పోస్తే నురగ వస్తుంది. మాడుకి పట్టించి వేళ్లతో రుద్దితే చాలు, కొసలకి జారేది సరిపోతుంది.

తల ముందుకి వంచొద్దు, వెనక్కి వాల్చండి. కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. చిన్నప్పుడు మాకు తలంటు పోసేటప్పుడు బుగ్గన ఉప్పు కల్లు పెట్టేవారు. మంట తగ్గేదో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది. ఇప్పుడు నేను చెప్పేదేమిటంటే, చన్నీళ్లతో కన్ను బాగా కడుక్కోండి, చంటిపిల్లలకి కుంకుడు జోలికే పోకండి. మాడు మీద పుండ్లు, గాయాలు ఉన్నప్పుడు కూడా వద్దు.

ఏళ్ల తరబడి షాంపూ, కండిషనర్ వాడినవాళ్లకి మొదటి మూడు నాలుగు తలంట్లు నచ్చవు. జుట్టుకి పట్టిన నునుపు పూత పోతుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది. అక్కడే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. నెల రోజులు ఓపిక పట్టి చూడండి.

పులుసు మిగిలితే బయట రెండో రోజుకే పులిసిన కంపు కొడుతుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఆగుతుంది. ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించుకుంటే ఇంకా మేలు, కావలసినప్పుడు నాలుగు ముక్కలు వేడినీళ్లలో వేసుకోవచ్చు. ట్రే మీద పేరు రాసి పెట్టండి. మా ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన నిమ్మరసం అనుకుని నోట్లో వేసుకున్నంత పని చేశాడు.

పిప్పి మొక్కల మొదట్లో వేయండి. చెరువులో మాత్రం పోయకండి. కుంకుళ్లలో నురగనిచ్చే సపోనిన్లు చేపలకి విషం.

తొందర రోజులకి పొడి

అర్ధరాత్రి ఊరి నుంచి వచ్చి పొద్దున్నే ఆఫీసుకి పోవాలంటే నానబెట్టేదెప్పుడు? ఆ రోజులకి పొడి ఉండాలి. గింజ తీసిన కుంకుడు తొక్కలు అరకిలో, శీకాయ అరకిలో, మెంతులు 100 గ్రాములు, నీడన ఎండిన మందారాకులు రెండు గుప్పెళ్లు. అన్నీ పటపటమనేదాకా ఎండబెట్టి మరకి తీసుకెళ్లండి. పిండి పట్టే మరలో వేయరు, మనం వేయమని అడగకూడదు కూడా. శీకాయకి వేరే మర ఉందేమో అడిగి ఇవ్వండి. ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్లండి. నేను కట్టుకోకుండా వెళ్లి, మరతో పాటు నేనూ ఆగకుండా తుమ్మాను. రెండు మూడు చెంచాల పొడి గంజిలో జారుగా కలిపి పావుగంట ఉంచితే చాలు.

సోడా ఉప్పుతో తల కడిగి, వెనిగర్ పోసుకోమని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. సోడా క్షారం. మాడుకి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణానికి అది విరుద్ధం. జుట్టు పైపొర రేగి చిక్కులు పడుతుంది. సోడా ఉప్పుని బజ్జీలకి ఉంచేయండి.

కుంకుడు పడనివాళ్లు షాంపూయే వాడుకోండి, తప్పేం లేదు. కాకపోతే పెద్ద సీసా కొనండి, మగ్గులో నీళ్లు పోసి కలిపి వాడండి. సగం షాంపూ సరిపోతుంది. అన్నట్టు షాంపూ అనే మాట హిందీ 'చాంపో' నుంచి, అంటే నొక్కు, పిసుకు అనే మాట నుంచి వెళ్లిందే. పట్నా నుంచి వెళ్లిన దీన్ మహమ్మద్ అనే ఆయన 1814లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో తల, ఒళ్లు పట్టే స్నానశాల పెట్టాడు. తల పట్టే మన చంపీయే అక్కడికి వెళ్లి సీసాలో తిరిగొచ్చింది.

నూనె క్యాన్‌లో తెచ్చుకోండి

ఈ పని శ్రీకాకుళం జిల్లావాళ్లకి మరీ తేలిక. ఉద్దానం కొబ్బరి కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ తోటలు ఎంత కూలిపోయాయో మనం చూశాం. గానుగ దగ్గరికి మీ స్టీలు క్యాన్ తీసుకెళ్లి కొలిపించుకోండి. క్యాన్ పొడిగా ఉండాలి. చుక్క నీళ్లున్నా నూనె కంపెక్కుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది కాబట్టి చలికాలానికి వెడల్పు మూతి గాజు సీసాలోకి మార్చుకోండి.

జుట్టులోకి ఇంకే గుణం కొబ్బరినూనెకి ఎక్కువ. తలంటుకి ముందు రాస్తే, కడిగేటప్పుడు జుట్టు కోల్పోయే ప్రోటీన్ తగ్గుతుంది. అందుకే తలంటు పోసుకున్నాక కన్నా ముందు రాయడం మంచిది. నువ్వులనూనె విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోనూ గానుగల్లో దొరుకుతుంది, వాసన నచ్చేవాళ్లు అదీ వాడుకోవచ్చు.

దువ్వెన, పూలు, రంగు

ఉన్న ప్లాస్టిక్ దువ్వెన పళ్లు ఊడేదాకా వాడండి. కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు చెక్కది చూడండి, లేదా పాతపట్నం దాటి ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్లండి. అక్కడ కొమ్ముతో వస్తువులు చేసే పని పేరుపొందింది, దువ్వెనలూ చేస్తారు. కొమ్ము, జుట్టు రెండూ కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైనవే. కొమ్ము దువ్వెనని నీళ్లలో నాననివ్వకండి, వంకర పోతుంది.

జడకి రబ్బర్ బ్యాండ్ బదులు పాత జాకెట్టు గుడ్డలో సన్న ఎలాస్టిక్ దోపి కుట్టుకోవచ్చు. తడి తల తుడవడానికి నాలుగేళ్లు ఉతికిన నూలు చీర ముక్కని మించిన తువ్వాలు లేదు.

పూలు కొనేటప్పుడు కవరు వద్దని ముందే చెప్పండి. మూర కొలిచేలోపే కవరు విదిలిస్తారు, కాబట్టి నోరు కాస్త త్వరగా తెరవాలి. అరటాకులోనో అడ్డాకులోనో చుట్టి ఇమ్మనండి. అరటినారతో కట్టిన మాల అయితే వాడిపోయాక మొత్తం మట్టిలో కలిసిపోతుంది.

రంగు విషయంలో నేనింకా పూర్తిగా గెలవలేదు. పెరట్లో గోరింటాకు ఎర్రదనమే ఇస్తుంది, ఇనప మూకుట్లో రాత్రంతా ఉంచితే ఇంకాస్త ముదురుతుంది. నలుపు కావాలంటే ఆ మర్నాడు నీలి ఆకు పొడి పెట్టాలి. 'నల్ల హెన్నా' అని అమ్మే ప్యాకెట్లలో చాలావాటిలో రసాయన రంగే ఉంటుంది, వెనకాల చిన్న అక్షరాలు చదవండి. ఏదైనా ముందు చెవి వెనక చుక్క పెట్టి ఒక రోజు చూసుకోవాలి.

రాలిన జుట్టు

రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. వాటిని బేసిన్‌లోకి వదలకుండా వేలికి చుట్టి ఒక డబ్బాలో వేయండి. మా వీధిలోకి జుట్టు కొనేవాళ్లు అప్పుడప్పుడు వస్తారు, స్టీలు సామాను ఇచ్చి పట్టుకెళ్తారు. చిక్కు విడదీసి సవరాలకీ, విగ్గులకీ వాడతారు. వాళ్లకి పొడవు కావాలి. పొట్టి వెంట్రుకలు, క్షవరం చేసిన జుట్టు అయితే ముక్కలు చేసి ఎరువు గుంటలో మట్టితో, ఆకులతో కలిపి పల్చగా వేయండి. జుట్టులో నత్రజని బాగా ఉంటుంది గానీ కుళ్లడానికి నెలలు పడుతుంది. ఉండలా చుట్టి వేస్తే ఏళ్లకీ అలాగే ఉంటుంది. పిట్టలు గూళ్లకి తీసుకుంటాయని మేడ మీద పడేయకండి. పొడుగు వెంట్రుక పిట్టపిల్ల కాలికి చుట్టుకుంటే ఊడదు.

బాత్‌రూమ్ జాలీ మీద స్టీలు జల్లెడ ఒకటి పెట్టాం. శనివారం దాని మీద పోగైంది తీసి డబ్బాలో వేసే పని మా అమ్మాయిది. మొన్న ఆ జుట్టులో ఒక ప్యాకెట్ మూల దొరికితే, చిటికెన వేలి మీద పెట్టుకుని తెచ్చి నాకు చూపించింది. పెళ్లికెళ్లిన హోటల్‌లో ఇచ్చింది నేనే తెచ్చుకుని వాడేశాను. ఇప్పుడు నా ప్రయాణాల సంచీలో చిన్న స్టీలు డబ్బాలో రెండు తలంట్లకి సరిపడా పొడి ఎప్పుడూ ఉంటోంది.