పాత 350 చెవీకి రోలర్ కామ్, జంక్‌యార్డ్ సామానుతో

1987-95 మధ్య వచ్చిన చెవీ పికప్పో సబర్బనో మీ దగ్గర ఉండి, అందులో టీబీఐ (త్రాటిల్ బాడీలోనే పెట్రోలు చల్లే పద్ధతి) 350 ఇంజన్ ఉంటే, ముందు ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి లోపలికి చూడండి, పర్సు ఆ తర్వాత తీయొచ్చు. 1987లో చిన్న బ్లాకు చెవీ ఇంజన్ని మార్చినప్పుడు జీఎం (చెవీలు తయారుచేసే జనరల్ మోటార్స్) వాళ్లు కార్లలో చాలావాటికి రోలర్ కామ్ (వాల్వులు తెరిచే కామ్ కడ్డీ, దాని మీద నడిచే లిఫ్టర్లకి చక్రాలుంటాయి) ఇచ్చి, ట్రక్కులకి మాత్రం చక్రాల్లేని లిఫ్టర్లతో పాత ఫ్లాట్ ట్యాపెట్ కామే వేసి పంపారు. బ్లాకు పోత మాత్రం చాలావరకు ఒకటే. అంటే రోలర్ లిఫ్టర్లకి కావలసిన చోటు మీ ఇంజన్లో ఇన్నేళ్లుగా ఖాళీగానే ఉండి ఉండొచ్చు.

లిఫ్టర్ రంధ్రాల గోడలు ఎత్తుగా, పైన చదునుగా చెక్కి ఉండాలి. వ్యాలీ (రెండు వరసల సిలిండర్ల మధ్య పల్లం) మధ్యలో మూడు దిమ్మలు ఉండాలి. ముందువైపు టైమింగ్ చెయిన్ వెనకాల, కామ్ రంధ్రానికి అటొకటి ఇటొకటి బోల్టు దిమ్మలు ఉండాలి. బ్లాకు వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట 14093638 అని పోత నంబరు ఉంటే దారి దాదాపు క్లియర్. 1985 నాటి బ్లాకో అంతకన్నా పాతదో అయితే ఈ పద్ధతి వదిలేయండి, దానికి లింక్ బార్ లిఫ్టర్లు (రెండేసి కలిపి కడ్డీతో కట్టినవి) కొత్తవి కొనాలి, ఆ ఖర్చు చూస్తే రోలర్ ఇంజన్ మొత్తంగా తెచ్చి దింపుకోవడమే నయం అనిపిస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఫ్లాట్ ట్యాపెట్ లిఫ్టర్ కామ్ మీద రాసుకుంటూ నడుస్తుంది, ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్లో జింక్, ఫాస్ఫరస్ బాగా ఉండాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని ఈనాటి మామూలు 5డబ్ల్యూ-30 ఆయిళ్లలో ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి మించనివ్వరు. కొత్త ఫ్లాట్ కామ్ వేస్తే మొదటి 20 నిమిషాలు 2000కి పైన ఆర్‌పీఎంలో నడపాలి, ఏమాత్రం తేడా వచ్చినా ఒక లోబ్ (కామ్ మీది గుబ్బ) అరిగి ఇంజన్ నిండా ఇనుప పొడి. రోలర్‌కి ఈ టెన్షన్ లేదు. పైగా పాత ఫ్లాట్ లిఫ్టర్‌ని ఇంకో కామ్ మీద పెట్టకూడదు, రోలర్ లిఫ్టర్‌ని పెట్టొచ్చు. జంక్‌యార్డ్ సామాను పనికొచ్చేది అందుకే.

యార్డులో వెతకాల్సింది 1996-2000 మధ్య వచ్చిన చెవీ, జీఎంసీ పికప్పులు, టాహోలు, సబర్బన్లు, ఎక్స్‌ప్రెస్ వ్యాన్లు. అద్దం కింద ఉన్న విన్ (బండి గుర్తింపు) నంబర్లో ఎనిమిదో అక్షరం ఆర్ అయితే అది వోర్టెక్ 5.7 (లీటర్లు, అదే 350), ఎల్31 అంటారు. ఇన్‌టేక్ విప్పగానే వ్యాలీలో కాఫీ రంగు జిగట కనిపిస్తే ఆ బండి వదిలేసి పక్క వరసకి వెళ్లండి. ఈ ఇంజన్లలో ఇన్‌టేక్ గ్యాస్కెట్ కారి కూలెంట్ ఆయిల్లో కలవడం మామూలే, అలా నడిచిన ఇంజన్లో రోలర్ల సూది బేరింగులు నమ్మలేం.

బాగున్న ఇంజన్ దొరికితే స్పైడర్ అనే రేకు మూడు బోల్టులు విప్పి తీయండి, దాని కింద ఎనిమిది డాగ్‌బోన్లు (లిఫ్టర్లు పక్కకి తిరక్కుండా పట్టుకునే ముక్కలు), వాటి మధ్య పదహారు లిఫ్టర్లు. హెడ్లు విప్పక్కర్లేదు, రాకర్లు (వాల్వుల్ని నొక్కే చేతులు) వదులు చేసి, వాటిని లిఫ్టర్లకి కలిపే పుష్‌రాడ్లు లాగేస్తే లిఫ్టర్లు పైనుంచే వస్తాయి. ఒక్కొక్కదాన్నీ ఆయిల్ తుడిచి చక్రాన్ని బొటనవేలితో మెల్లగా తిప్పండి. నున్నగా తిరగాలి, ఇసుక నలిగినట్టు గరగరమంటే పక్కన పడేయండి. చక్రాన్ని పైకీ కిందకీ లాగితే కదలకూడదు. ఎండకి ఎదురుగా పట్టుకుంటే చక్రం అంచున సన్నటి గుంటలు కనిపిస్తాయి, అవి ఒక్కటి ఉన్నా ఆ లిఫ్టర్ వద్దు. మంచివాటిని గుడ్ల అట్టలో వరసగా పెట్టుకోండి.

కామ్ కావాలంటే ముందువైపు విప్పాలి, రేడియేటర్ అప్పటికే ఎవరో పట్టుకెళ్లి ఉంటే మీ పని సగం అయినట్టే. బ్యాలన్సర్ (క్రాంక్ ముందు కొసన ఉండే బరువైన చక్రం) పుల్లర్, టార్క్స్ బిట్లు మీరే తీసుకెళ్లాలి, ఫ్రెండ్ ఎవరైనా వస్తానంటే రమ్మనండి, బ్యాలన్సర్ బోల్టు విప్పేటప్పుడు క్రాంక్ తిరక్కుండా పట్టుకోవాలిగా. కామ్‌తోపాటు థ్రస్ట్ ప్లేటు, దాని రెండు బోల్టులు, చెయిన్ చక్రాలు రెండూ, పుష్‌రాడ్లు, స్పైడర్ బోల్టులు అన్నీ తెచ్చుకోండి. రోలర్ కామ్ ముక్కు వేరు, మీ పాత చెయిన్ చక్రం దానికి బిగదు. చెయిన్ మాత్రం కొత్తది కొనండి, అందులో కక్కుర్తి వద్దు.

థ్రస్ట్ ప్లేటు ఎందుకంటారా, ఫ్లాట్ కామ్ లోబులు కాస్త ఏటవాలుగా చెక్కి ఉంటాయి కాబట్టి తిరుగుతూ తనంతట తానే వెనక్కి నొక్కుకుని ఉంటుంది. రోలర్ కామ్ లోబులు చదును, ఆపేది లేకపోతే ముందుకి జారుతుంది. కొన్ని ట్రక్కు బ్లాకుల్లో ఆ దిమ్మలకి గానీ స్పైడర్ దిమ్మలకి గానీ రంధ్రాలు వేసి ఉండవు. అప్పుడు ప్లేటునీ స్పైడర్‌నీ వాటి చోట పెట్టి గుర్తులు పెట్టుకుని, లోతు దాటకుండా డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి, తెచ్చిన బోల్టు మరకి సరిపోయే ట్యాప్‌తో మరలు వేయండి. ట్యాప్‌కి గ్రీజు దట్టంగా పట్టించండి, చుట్టూ ప్రతి రంధ్రాన్నీ గుడ్డతో మూయండి, అయ్యాక అయస్కాంతంతో వెతకండి. ఇంజన్ కిందకి దించి ఉన్నప్పుడైతే ఈ పని హాయి.

కామ్ తోసేటప్పుడు ముక్కుకి పొడుగు బోల్టులు బిగించి పిడిలా వాడుకోండి, బేరింగులకి తగలకుండా మెల్లగా. పుష్‌రాడ్లు మాత్రం పాతవి వాడకండి: రోలర్ లిఫ్టర్ పొడుగు కాబట్టి దానికి సుమారు 7.2 అంగుళాల పుష్‌రాడ్ కావాలి, మీ పాతది 7.8 ఉంటుంది. ఎల్31 కామ్ మెతకది, లిఫ్టర్ 0.050 అంగుళాలు లేచిన దగ్గర లెక్కేస్తే ఇన్‌టేక్ వాల్వుని 191, ఎగ్జాస్ట్‌ని 196 డిగ్రీలే తెరిచి ఉంచుతుంది, అందుకే టీబీఐ కంప్యూటర్ దాన్ని పెద్దగా పట్టించుకోదు. అంతకన్నా చాలా పెద్ద కామ్ వేస్తే స్ప్రింగులు, చిప్ కూడా మార్చాలి. పాత డిస్ట్రిబ్యూటర్ గేరు స్టీల్ కామ్‌తో పొసగదు, మెలొనైజ్ చేసిన (పై పొర గట్టిపరచిన) గేరు వేయించుకోండి. ఎల్31 కామ్ మీద మెకానికల్ ఫ్యూయెల్ పంప్ తిప్పే లోబ్ ఉందో లేదో కార్బ్యురేటర్ పెట్టాలనుకునేవాళ్లు చూసుకోవాలి, టీబీఐ వాళ్లకి పంపు ట్యాంకులోనే ఉంటుంది.

చెయిన్ చక్రాల చుక్కలు ఎదురెదురుగా పెట్టినప్పుడు ఫైరింగ్‌కి వచ్చేది ఆరో సిలిండర్, ఒకటోది కాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడి, డిస్ట్రిబ్యూటర్ తిరగబెట్టి పెట్టి, త్రాటిల్ బాడీలోంచి మంటలు చూస్తారు. క్రాంక్ ఇంకో పూర్తి చుట్టు తిప్పి అప్పుడు డిస్ట్రిబ్యూటర్ దించండి. రాకర్ బిగించేటప్పుడు ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసి ఉండాలి, పుష్‌రాడ్‌ని వేళ్లతో పైకీ కిందకీ ఆడిస్తూ ఆ ఆట పోయేదాకా బిగించి, అక్కడినుంచి అర చుట్టు నుంచి ముప్పావు చుట్టు.

స్టార్ట్ చేశాక లిఫ్టర్లు ఆయిల్ నింపుకునేదాకా కాసేపు టకటకలాడతాయి, కంగారు పడకండి. ఇంజన్ వేడెక్కాక నల్లగీత ఉన్న గోధుమరంగు వైరు (కంప్యూటర్ టైమింగ్ మార్చకుండా) ఊడదీసి టైమింగ్ సున్నా దగ్గర పెట్టి, వైరు మళ్లీ తగిలించండి.