రూట్ చేసిన ఈ-రీడర్‌లో బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలంటే ఏం చేయాలి?

ఈ-ఇంక్ తెర పేజీ మారినప్పుడే కరెంటు తీసుకుంటుంది. మారని పేజీ ఎంతసేపు కనిపిస్తున్నా దానికి ఖర్చు లేదు. కాబట్టి రూట్ చేశాక, అంటే రీడర్‌లోని ఆండ్రాయిడ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్నాక, ఛార్జ్ ఒక్కరోజులోనే అయిపోతుంటే తెరను అనుమానించకండి. లోపల ఏదో యాప్ ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వడం లేదు. సెట్టింగులన్నీ మార్చేసే ముందు అదేదో పట్టుకోవాలి.

1. రాత్రి పరీక్ష పెట్టండి. పడుకునే ముందు ఛార్జ్ శాతం రాసుకుని, వైఫై ఆపి, రీడర్‌ను స్లీప్‌లో పెట్టండి. పొద్దున ఒకటి రెండు శాతం తగ్గితే కంగారు లేదు. పది దాటి తగ్గితే వెతకాల్సిందే. మర్నాడు రాత్రి వైఫై ఆన్‌లో ఉంచి చూడండి. అప్పుడే బాగా తగ్గితే నెట్ వాడే యాప్‌ల మీదే దృష్టి పెట్టవచ్చు.

2. వేక్‌లాక్‌లు చూడండి. నిద్రను ఆపడానికి యాప్‌లు పట్టుకునే తాళం ఇది. బెటర్ బ్యాటరీ స్టాట్స్ యాప్‌కు రూట్ అనుమతి ఇస్తే, రాత్రంతా ఎవరు ఎంతసేపు మేలుకొలిపారో చూపిస్తుంది. ఆ జాబితాలో పైన కనిపించేవి తరచూ సింక్ సర్వీసులు, మనం కొత్తగా ఎక్కించిన గూగుల్ ప్లే సర్వీసెస్. ఫైళ్లను వెతికి జాబితా కట్టే మీడియా స్కానర్ కనిపిస్తే మాత్రం యాప్‌ను కాదు, ఫైళ్లను చూడండి. పాడైన ఒక్క పుస్తకం దగ్గర అది ఇరుక్కుపోవచ్చు. ఈమధ్య ఎక్కించిన ఫైళ్లను తీసేసి మళ్లీ పరీక్షించండి.

3. దొరికినదాన్ని డిలీట్ చేయకండి, ఫ్రీజ్ చేయండి, అంటే తీసేయకుండా పనిచేయనివ్వకుండా ఆపి ఉంచండి. ముందు పూర్తి బ్యాకప్ తీసుకోండి. ఒకసారికి ఒక్క యాప్, తర్వాత రీస్టార్ట్, మళ్లీ రాత్రి పరీక్ష. ఓపిక కావాలి నిజమే, కానీ ఒకేసారి పది ఆపేస్తే ఏది దేనివల్ల చెడిందో తెలియదు. ఉన్న ఒక్క లాంచర్‌ను ఆపితే హోమ్ స్క్రీనే రాదు, జాగ్రత్త.

4. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పవర్‌సేవ్‌లో పెట్టకండి. అది వేగాన్ని కనిష్ఠంలో కట్టిపడేస్తుంది. దాంతో పేజీ తెరుచుకోవడం ఆలస్యమై, ప్రాసెసర్ ఎక్కువసేపు మెలకువగా ఉంటుంది. పని చకచకా ముగించి పడుకోవడమే దానికి మేలు. అవసరాన్ని బట్టి వేగం మార్చే ఆన్‌డిమాండ్ లాంటిది చాలు.

5. చదివేటప్పుడు వైఫై ఆపండి, ఫ్రంట్ లైట్ తగ్గించండి. మామూలు టాబ్లెట్ అయితే ఎక్కువ తినేది తెరే, అక్కడ బ్రైట్‌నెస్ తగ్గించడమే మొదటి పని. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి డోజ్ అనే నిద్ర ఏర్పాటు ఉంది. అంతకంటే పాత రీడర్లలో గ్రీనిఫై లాంటి యాప్‌తో ఆ పని చేయించుకోవాలి.

బ్యాటరీస్టాట్స్ ఫైల్ చెరిపేస్తే ఛార్జ్ ఎక్కువసేపు ఆగుతుందన్న మాట నమ్మకండి. అందులో ఉండేది వాడకం లెక్క మాత్రమే. బ్యాటరీ ఏళ్ల తరబడి మన్నాలంటే, మీ పరికరంలో రూట్ చేసే సాధనం మాజిస్క్ పనిచేస్తుంటే, ఛార్జింగ్‌ను అదుపు చేసే దాని ఏసీసీ మాడ్యూల్‌తో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపించండి. కొన్ని నెలలు వాడకుండా పక్కన పెట్టేటట్టయితే సగం ఛార్జ్‌తో, పూర్తిగా స్విచాఫ్ చేసి, వేడి తగలని చోట ఉంచండి.