క్యాప్ పేలింది, తుపాకీ పేలలేదు: విశాఖ ఉక్కలో మజిల్ లోడర్ తిప్పలు

ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లజోడు మసకబారడం విశాఖలో అందరికీ అలవాటే. ఆ మసక రైఫిల్ గొట్టం లోపల కూడా పడుతుందని అర్థం కావడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. రెండు వారాలూ మొదటి షాట్ తుస్సే. క్యాప్ (సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) టప్‌మంది, ఆపైన ఏమీ లేదు. క్యాపులు మార్చాను, కొత్త తుపాకీ మందు డబ్బా తెరిచాను. తీరా చూస్తే తప్పు నాదే. రాత్రంతా ఏసీలో చల్లబడ్డ తుపాకీని పొద్దున్నే ఈ ఉక్కలోకి తీసి, వెంటనే మందు పోసేస్తున్నాను.

మజిల్ లోడర్, అంటే మూతి నుంచి మందు దట్టించి కాల్చే రైఫిల్ గురించి దొరికే సలహాలు చాలావరకు పొడి ఊళ్లవాళ్లు రాసినవి. ఇక్కడ ఏ తేడా వచ్చినా ముందు తడినే అనుమానించండి.

ఇదంతా లైసెన్సున్న తుపాకీతో, రేంజిలో, కాగితం టార్గెట్ మీద కాల్చేవాళ్ల కోసం. మందు డీలర్ దగ్గర కొన్నదే వాడాలి, ఇంట్లో నూరుకునేది కాదు. (ఈ బ్లాక్ పౌడర్‌ని 'నల్లమందు' అందామంటే మన వాడుకలో అది వేరే సరుకు కాబట్టి ఉత్త 'మందు' అనే రాస్తున్నాను.) ఇప్పటి తూటాల్లో ఉండే పొగ రాని మందు ఇందులో చిటికెడు కూడా పోయకూడదు. ఆ ఒత్తిడికి గొట్టం చీలిపోతుంది.

క్యాప్ పేలింది, తుపాకీ పేలలేదు

ముందు కదలకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. లోపల మందు నిదానంగా రాజుకుంటూ ఉండొచ్చు. నేను నూరు అంకెలు లెక్కపెడతాను, అదీ తీరిగ్గా.

తరవాత కొత్త క్యాప్ పెట్టి మళ్లీ కాల్చండి. అప్పుడూ పేలకపోతే, మళ్లీ అంతసేపూ ఆగి, నిపుల్ (క్యాప్ తొడిగే బుడిపె, నిప్పు లోపలికి వెళ్లేది దీంట్లోంచే) రంధ్రంలో సన్నని తీగ ఆడించి ఇంకోసారి చూడండి. అయినా లాభం లేకపోతే మూతి అటే ఉంచి నిపుల్ విప్పండి. ఆ కన్నంలో నాలుగు పలుకులు పొడి మందు వేసి నిపుల్ బిగించండి. గుండు అడుగుదాకా దిగి ఉందో లేదో గుండు దట్టించే కడ్డీతో చూసుకున్నాకే క్యాప్ పెట్టండి. అసలు మందు పోయడమే మరిచిపోయి గుండు దట్టించినప్పుడూ ఇదే మార్గం. మరిచిపోరు అనుకోకండి, పక్కవాడితో కబుర్లలో పడితే ఎవరైనా మరిచిపోతారు.

కారణం చాలాసార్లు నిల్వ ఉంచేటప్పుడు రాసిన నూనె. గొట్టంలో రాసింది జారి అడుగున చేరుతుంది. అందుకే మొదటిసారి మందు పోసే ముందు పొడి ప్యాచ్ (గొట్టం తుడిచే గుడ్డముక్క) ఒకటి తిప్పి, ఖాళీ తుపాకీతోనే రెండు క్యాపులు పేల్చండి. మూతి ముందున్న గడ్డిపరక ఊగితే దారి తెరుచుకున్నట్టు. ఊగకపోతే మందు పోయొద్దు. ఏసీ గదిలోంచి తెచ్చిన తుపాకీ అయితే సంచిలోనే అరగంట ఉంచి, బయటి వేడికి వచ్చాక తీయండి.

మొదటి దెబ్బకి క్యాప్ పేలదు, రెండో దెబ్బకి పేలుతుంది

క్యాప్ పూర్తిగా కూర్చోలేదు. మొదటి దెబ్బ దాన్ని కూర్చోబెట్టడానికే సరిపోయింది. ఈసారి చిన్న చెక్కముక్కతో నొక్కి పెట్టండి. నిపుల్ మొన నలిగి వెడల్పైపోయి ఉంటే మార్చేయండి.

నాలుగో షాట్ తరవాత గుండు దిగదు

మందు కాలాక దాదాపు సగం బరువు మసిగా మిగులుతుంది. పొడి ఊళ్లలో ఆ మసి పెచ్చుకడుతుంది, అందుకే వాళ్లు ప్యాచ్‌ని బాగా తడిపి తిప్పమంటారు. మన దగ్గర అది గాలిలో తేమ పీల్చి పేస్టులా ఉంటుంది. దానిమీద తడి ప్యాచ్ తిప్పితే ఆ బురదంతా అడుగుకి తోసుకుపోయి నిపుల్ దారి మూసేస్తుంది, మళ్లీ మొదటి సమస్యకే వస్తాం. ప్యాచ్‌ని తడిపి గట్టిగా పిండేయండి, చెమ్మ తగిలీ తగలనట్టుండాలి. అది ఒకసారి, పొడిది ఒకసారి, ప్రతి షాట్‌కీ. అంతర్జాతీయ మజిల్ లోడర్ పోటీల్లో 13 షాట్లకి 30 నిమిషాలిస్తారు, వాటిలో మేలైన 10 లెక్కకొస్తాయి. అంటే షాట్‌కి రెండు నిమిషాల పైమాటే, తుడుచుకోడానికి బోలెడు టైము. ఆ కాస్త ఆగడంలో లోపల మిగిలిన నిప్పురవ్వ కూడా ఆరిపోతుంది. మందు ఎప్పుడూ కొలత గొట్టంతోనే పోయాలి, డబ్బా వంచి నేరుగా పోయకూడదు.

గుండు సగంలో ఇరుక్కుంటే కాల్చి తీసేద్దామనుకోవద్దు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే గొట్టం అక్కడ ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. క్యాప్ తీసేసి, నిపుల్ కన్నంలోంచి నీళ్లు పోసి మందు చంపేశాకే కొసన మర ఉన్న కడ్డీతో గుండు లాగండి. చేతకాకపోతే రేంజిలో తెలిసినవాళ్లని పిలవండి. అసలు కడ్డీ మీద రెండు గీతలుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది: ఖాళీ గొట్టానికి ఒకటి, సరిగ్గా దట్టించినప్పటికి ఒకటి. రెండోసారి పొరపాటున మందు పోసినా ఆ గీతే పట్టిస్తుంది.

గుళ్లు టార్గెట్ అంతా చెల్లాచెదురు

చాలామంది సైట్లు కదిలించడం మొదలుపెడతారు. వాటి జోలికి పోకుండా, కాల్పులు ఆపాక రేంజి అనుమతితో ముందుకెళ్లి, గుండుకి చుట్టి దట్టించిన గుడ్డముక్కలు, అంటే కాలిన ప్యాచ్‌లు ఏరుకురండి. కొన్ని గజాల దూరంలోనే పడి ఉంటాయి. నాకు ఈ పనిలో ఉన్న సరదా కాల్చడంలో కూడా లేదు.

మంచి ప్యాచ్ మధ్యలో మసిబారి ఉంటుంది, అంచులు కాస్త పీచులేస్తాయి, గుడ్డ మాత్రం చిరగదు, మళ్లీ వాడొచ్చేమో అనిపిస్తుంది. గుండు చుట్టుకొలత వెంట కాలి కన్నాలు పడితే గుడ్డ పలచన, పక్కలనుంచి మంట దూసుకుపోతోందని. కాస్త మందం గుడ్డ వాడండి. కత్తితో కోసినట్టు నీటుగా తెగితే మూతి దగ్గరో గాడుల అంచుల్లోనో పదును ఉంది. కొత్త గొట్టాల్లో ఇది మామూలే. మధ్యలోనే కాలిపోతే జిడ్డు చాలలేదు.

గుడ్డ నూలుదే కావాలి, పాలిస్టర్ కలిస్తే కరిగి గొట్టానికి అంటుకుంటుంది. పాత పంచె పలచన. పరుపులకి వాడే గట్టి నేత గుడ్డ కొని, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి వాడుతున్నాను. జిడ్డుకి కొబ్బరినూనె బాగుంటుంది గానీ అది 24 డిగ్రీలకే కరుగుతుంది, అంటే ఇక్కడ ఇంచుమించు ఏడాదంతా నీళ్లే. ఎక్కువైతే మందులోకి ఇంకుతుంది. తేనెమైనం కలిపి చిక్కబరచండి. పెట్రోలియం నూనెలు మసితో కలిసి తారులా అవుతాయి, వద్దు.

గుళ్లు నిలువుగా పైకీ కిందకీ పడుతుంటే మందు కొలత మారుతోంది, లేదా కడ్డీ ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా నొక్కుతున్నారు.

చెకుముకి తుపాకీ ఆలస్యంగా పేలుతోంది

క్యాప్ బదులు చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకీలో, పక్కనున్న పళ్లెంలో రంజకం (నిప్పంటుకునే కొద్దిపాటి మందు) ఎక్కువైంది. పళ్లెం నుంచి గొట్టంలోకి నిప్పు వెళ్లే చెవి రంధ్రం దాంతో మూసుకుపోతే నిప్పు వత్తిలా కాలుకుంటూ లోపలికెళ్తుంది. తగ్గించి, రంధ్రానికి దూరంగా పోయండి. ఇక్కడి గాలికి పళ్లెంలో మసి నీరు కారుతుంది, ప్రతి షాట్‌కీ తుడవాల్సిందే. 1794 జులై 10న విశాఖ దగ్గరి పద్మనాభం యుద్ధం జరిగేనాటికి క్యాప్ ఇంకా పుట్టలేదు. జులై తేమలో ఆ సిపాయిలు రంజకం ఎలా కాపాడుకున్నారో!

మర్నాడు గొట్టంలో ఎరుపు

మసిలోని లవణాలు తేమ లాగుతాయి, గంటల్లో తుప్పు మొదలు. కిరోసిన్‌తో కడిగితే ఈ లవణాలు కరగవు, నీళ్లకే కరుగుతాయి. ఇంటికెళ్లి కాదు, వీలైతే రేంజిలోనే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగండి. మరిగే నీళ్లు పోస్తే ఆరేలోపే పలచని తుప్పు పొర లేస్తుంది. ప్యాచ్ తెల్లగా వచ్చేదాకా ఆరబెట్టి నూనె పట్టించండి. మర్నాడొకసారి, మూడోనాడు ఇంకోసారి ప్యాచ్ తిప్పి చూడండి. గోధుమరంగు అంటితే మళ్లీ కడగాలి. ఆ మూడోనాటి ప్యాచ్ మానేసిన ఒక్క వర్షాకాలం చాలింది, నా మొదటి గొట్టంలో గుంటలు పడటానికి.