పాత కారు పవర్ విండో చప్పుడు చేస్తుంటే

అద్దం దించగానే చప్పుడు వస్తే మోటారు పోయిందనుకుంటాం. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. అందుకే డోర్ విప్పే ముందు ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, అద్దాన్ని పూర్తిగా కిందికీ పైకీ నడుపుతూ చెవిపెట్టి వినండి. కీచుమంటే అద్దం అంచులు జారే రబ్బరు బీడింగ్ ఎండిపోయినట్టు. టకటకమంటూ అద్దం ఓ పక్కకి వాలితే అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ మీది ప్లాస్టిక్ గైడ్ విరిగి ఉంటుంది. గరగరమంటూ మధ్యలో ఆగిపోతుంటే అద్దాన్ని లాగే కేబుల్ పోగులు తెగి, అది చుట్టుకునే డ్రమ్ములో చిక్కుకుంటున్నాయేమో అనుమానించాలి. అలాంటప్పుడు ఇక స్విచ్ నొక్కకండి, చిక్కు ఇంకా బిగుస్తుంది. డోర్ వేసినప్పుడు మాత్రమే అద్దం దడదడలాడితే దాన్ని పట్టుకునే బోల్టులు వదులై ఉంటాయి.

కీచు శబ్దానికి డోర్ విప్పక్కర్లేదు. అద్దం పూర్తిగా దించి, సబ్బు నీళ్ళలో తడిపి పిండిన గుడ్డను పలచటి ప్లాస్టిక్ పట్టీకి చుట్టి, రెండు పక్కల బీడింగ్ గాడిని పైనుంచి కిందిదాకా తుడవండి. నల్లటి మట్టి రావడం ఆగేదాకా తుడవాలి. ఆరాక సన్నటి గొట్టం ఉన్న సిలికాన్ స్ప్రే గాడిలోకి కొద్దిగా కొట్టి, అద్దాన్ని ఐదారుసార్లు ఎత్తి దించండి. మట్టి తీయకుండా స్ప్రే కొడితే అది ముద్దగా మారి అద్దాన్ని గీస్తుంది. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రబ్బరుకి పడవు, ఉబ్బిపోతుంది.

చప్పుడు లోపలిదైతే డోర్ లోపలి వైపు కప్పే ప్యాడ్ తీయాలి. అద్దం బోల్టులు డోర్ రేకు రంధ్రాలకి ఎదురుగా వచ్చే ఎత్తులో ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. డోర్‌లో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. హ్యాండిల్ వెనక, ఆర్మ్‌రెస్ట్ గుంటలో దాగిన స్క్రూలు ముందు విప్పాలి. తర్వాత ప్లాస్టిక్ పట్టీతో అంచు చుట్టూ క్లిప్పులు ఊడదీసి, ప్యాడ్‌ని పైకెత్తి, లాగకుండా వైర్ కనెక్టర్లు, హ్యాండిల్ కేబుల్ విప్పండి. లోపలి ప్లాస్టిక్ షీట్‌ని చించకండి. వర్షపు నీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది అదే.

గైడ్లు, పుల్లీలు, కేబుల్ చూడండి. గైడ్లు జారే పట్టాలు పొడిగా ఉంటే పాత గ్రీజు తుడిచి తెల్ల లిథియం గ్రీజు పలచగా రాస్తే చాలు. కేబుల్ పోగులు లేచినా, గైడ్ విరిగినా రెగ్యులేటర్ మొత్తం మార్చడమే మంచిది. అతికించిన గైడ్ నిలవదు. అద్దం బోల్టులు తీసేటప్పుడు అద్దాన్ని చేత్తో పట్టుకుని, తీశాక పైదాకా ఎత్తి, డోర్ ఫ్రేమ్ మీదుగా రెండు వైపులా టేపు వేయాలి, లేదంటే డోర్ లోపలికి జారిపడి పగులుతుంది. కేబుల్ బదులు కత్తెరలా కదిలే లోహపు చేతులున్న రెగ్యులేటర్‌కి బలమైన చుట్ట స్ప్రింగ్ ఉంటుంది. ఆ లోహపు చేతుల్ని కదలకుండా బిగించకుండా మోటారు విప్పారంటే అవి ఒక్కసారిగా విసురుగా కదులుతాయి, వేళ్ళు తెగుతాయి. ఇక్కడ మాత్రం తొందర అసలు వద్దు.

కొత్తది బిగించేటప్పుడు బోల్టులన్నీ చేతి బిగువుతో ఉంచి, బ్యాటరీ, స్విచ్ తగిలించి అద్దాన్ని పైదాకా నడపండి. అది బీడింగ్‌లో నిటారుగా కూర్చున్నాకే గట్టిగా బిగించాలి. ముందే బిగిస్తే కొత్త రెగ్యులేటర్ కూడా చప్పుడు చేస్తుంది. షీట్ అంటించి ప్యాడ్ పెట్టాక, ఒక్కనొక్కుతో పైకి వెళ్ళే రకమైతే అద్దం మూసి స్విచ్‌ని పైకి కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి, అప్పుడే చాలా మోడళ్ళలో ఆ పద్ధతి మళ్ళీ పనిచేస్తుంది.